మే నెల మంచును నమ్మొచ్చా?

2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ సియెర్రా నెవాడా కొండల్లోని ఫిలిప్స్ స్టేషన్‌కి వెళ్లారు. ఏటా ఆ రోజుల్లో రాష్ట్ర జలవనరుల శాఖ సిబ్బంది అక్కడి మైదానంలో మంచు కొలుస్తారు. మామూలు ఏడాదిలో అయితే ఆ వేళకి ఐదడుగుల పైన మంచు ఉండాలి. గవర్నర్ నిలబడింది ఎండుగడ్డి మీద. రాష్ట్రం మొత్తమ్మీద మంచులో ఉన్న నీరు సగటులో 5 శాతానికి పడిపోయింది. నీటి వాడకంలో 25 శాతం కోతను ఆయన ఆ రోజే ప్రకటించారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 3న, అదే మైదానంలో మంచు కొలిచే గొట్టం దించితే 126.5 అంగుళాల లోతు తేలింది. పదడుగుల పైమాటే. యోసెమిటీ మీదుగా పోయే టియోగా కనుమ రోడ్డును 2015లో మే 4నే తెరిచారు. 2023లో జులై 22 దాకా తెరవలేకపోయారు.

ప్రతి వసంతమూ ఈ రెండు ఏళ్ల నడుమ ఎక్కడో ఒకచోట పడుతుంది. ఎక్కడ పడిందో ముందే తెలుసుకోవాల్సిన అవసరం చాలామందికి ఉంది. స్కీ రిసార్టులు లిఫ్టులు ఆపేశాక, కాపలాగానీ బాట చదును చేసేవాళ్లుగానీ లేని కొండల్లో సొంత కాళ్లతో ఎక్కి స్కీల మీద దిగేవాళ్లున్నారు. బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అనేది దీన్నే. వాళ్లకి ఏప్రిల్, మే నెలలు పండగ రోజులు. నడిచేవాళ్లకి అప్పుడే సీజన్ మొదలు. మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే సెలవు కలిసొచ్చిందంటే బే ఏరియాలో, సియాటిల్‌లో ఉండే తెలుగువాళ్లు పిల్లల్ని వెంటేసుకుని కొండదారి పడతారు. అదే నెలలో హైదరాబాద్, విశాఖల నుంచి కుర్రకారు హిమాచల్ రైలెక్కుతారు. అందరూ అడిగేది ఒకటే: పైన ఇంకా మంచుందా?

ఉందో లేదో ఫోన్‌లో చూసి చెప్పేయొచ్చు. తర్వాతి ప్రశ్నలే కష్టం. ఆ మంచు మనిషిని మోస్తుందా, ఏ గంట దాకా మోస్తుంది, జారితే ఎక్కడ ఆగుతాం, దాని కింద ఏముంది? ఈ సమాచారం ఇచ్చే వనరులు ఇవాళ అరడజను దాకా ఉన్నాయి. ఒక్కొక్కటీ ప్రశ్నలో ఒక్కో ముక్కకే జవాబిస్తుంది. మిగతా ముక్కల గురించి అది చెప్పలేదని గుర్తుపెట్టుకోనివాళ్లే ఎక్కువగా చిక్కుల్లో పడుతున్నారు.

అన్నిటికంటే పాతది కొలత గొట్టం. దాన్ని తయారుచేసినవాడు ఇంజనీరూ కాడు, వాతావరణ శాస్త్రవేత్తా కాడు. నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ పాఠాలు చెప్పుకునే జేమ్స్ చర్చ్. రీనో ఊరికి ఎదురుగా ఉండే మౌంట్ రోజ్ మీద చలికాలంలో తిరగడం ఆయనకి సరదా. 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. అంచున పళ్లున్న లోహపు గొట్టాన్ని నేల తగిలేదాకా మంచులోకి దించి, లోపల చిక్కిన మంచుతో సహా పైకి లాగి కాటా వేయడం. లోతు కన్నా బరువు ముఖ్యమని ఆయన పట్టుకున్న కిటుకు. టాహో సరస్సు మట్టం ఎంత పెరుగుతుందో ముందుగా చెప్పడానికి అది అక్కరకొచ్చింది. ఇప్పటికీ ఫిలిప్స్‌లో వాడేది ఆ గొట్టానికి వారసురాలినే.

మంచుమీద నడిచేవాడికి నీటి లెక్క ఎందుకంటారా? 2023లో ఫిలిప్స్‌లో 126.5 అంగుళాల మంచులో 54 అంగుళాల నీరుంది. అంటే సాంద్రత 43 శాతం. అప్పుడే కురిసిన మంచులో నీరు పదోవంతు కూడా ఉండకపోవచ్చు. లోతు అంతే ఉండి, నీరు నలభై శాతం దాటిందంటే ఆ మంచు కుంగి, కరిగి, మళ్లీ గడ్డకట్టి బిగిసిందని అర్థం. పైగా బాగా ఎండ కాసిన మే నెల రోజున కరిగిపోయేది సుమారుగా అంగుళం నుంచి రెండంగుళాల నీరు. 54 అంగుళాలను ఆ లెక్కన భాగించుకుంటే దారి ఎప్పటికి తేలుతుందో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. లోతును బట్టి ఈ లెక్క వేయలేం.

గొట్టంతో వెళ్లే మనిషికి బదులు ఇప్పుడు చాలాచోట్ల స్నో పిల్లోలు పనిచేస్తున్నాయి. గడ్డకట్టని ద్రవం నింపిన వెడల్పాటి సంచిని నేలమీద పరుస్తారు. పైన పడ్డ మంచు బరువు దాన్ని నొక్కుతుంది. ఆ ఒత్తిడిని పరికరం గంటగంటకీ పంపిస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ నడిపే స్నోటెల్ వ్యవస్థలో ఇలాంటి కేంద్రాలు తొమ్మిది వందలకి పైగా ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. వాటిలో చూడాల్సింది ఇవాళ్టి అంకె ఒక్కటే కాదు, గీత ఎటు వంగుతోందన్నది కూడా. 2021 ఏప్రిల్ 1న కాలిఫోర్నియా మంచు సగటులో 59 శాతం. తక్కువే, అయినా భయపడాల్సినంత తక్కువేమీ కాదు. ఆ తర్వాతి వారాల్లో వెచ్చగా, పొడిగా కాయడంతో జూన్ రాకముందే దాదాపు అంతా హరించుకుపోయింది. ఏప్రిల్ అంకె పట్టుకుని జూన్‌కి ప్రయాణం కట్టినవాళ్లు, జారితే ఆగడానికి మంచులో గుచ్చే ఐస్ యాక్సులు అనవసరంగా మోశారు. చల్లటి మే నెల వస్తే ఇదే తప్పు తిరగబడుతుంది. మోయకుండా వెళ్లినవాళ్లు ఇరుక్కుంటారు.

ఈ కేంద్రాలతో ఒక పేచీ ఉంది. అవన్నీ నీటి లెక్క కోసం పెట్టినవి. చదునైన చోట, చెట్ల మధ్య ఖాళీ జాగాలో, మనిషి వెళ్లి మరమ్మతు చేయగలిగే ఎత్తులో ఉంటాయి. సియెర్రాలో పదకొండు వేల అడుగుల పైన ఇవి చాలా అరుదు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 2,650 మైళ్లు సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌లో అన్నిటికన్నా ఎత్తయిన ఫారెస్టర్ కనుమ 13,153 అడుగుల దగ్గర ఉంది. కింద కేంద్రంలో సున్నా అని కనిపించిన రోజున ఆ కనుమ ఉత్తరపు వాలు మీద ఇంకా రోజులకొద్దీ కరగాల్సిన మంచు ఉంటుంది.

ఆ లోటును ఉపగ్రహం కొంత పూడుస్తుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు అయిదు రోజులకొకసారి అదే చోటిని పది మీటర్ల స్పష్టతతో ఫొటో తీస్తాయి. మబ్బూ మంచూ రెండూ తెల్లగానే ఉన్నా, కంటికి కనబడని ఒకానొక పరారుణ కాంతిలో మంచు నల్లగా, మబ్బు తెల్లగా కనిపిస్తుంది కాబట్టి రెంటినీ విడదీయొచ్చు. కనుమకి ఏ పక్క మంచుంది, ఏ పక్క రాయి తేలింది, బాట ఎన్ని మలుపుల దాకా కనబడుతోంది అన్నవి ఈ ఫొటోల్లో కళ్లకి కట్టినట్టు తెలుస్తాయి. లోతు తెలియదు. గట్టిదనం అసలే తెలియదు. చెట్ల కింద దాగిన మంచు కనబడదు. నడిచేవాళ్లు మోకాలి లోతు దిగబడి దారి తప్పేది ఎక్కువగా ఆ చెట్ల కిందనే. అమెరికా ప్రభుత్వం రోజూ ఇచ్చే స్నోడాస్ పటం లోతు కూడా అంచనా కట్టి చూపిస్తుంది గానీ, అందులో ఒక్కో గడి ఒక కిలోమీటరు. ఒక కిలోమీటరు గడిలో ఒక శిఖరం ఉత్తర ముఖం, దక్షిణ ముఖం రెండూ ఇమిడిపోతాయి. వాటి సగటు మీద ఎవరూ నడవరు. ఈ పటాన్ని చూసి ఫలానా మలుపు దగ్గర మూడడుగులు ఉందని నమ్మేవాళ్లకి రంగులు వేసిన బొమ్మ మీద ఉన్నంత గురి కొండ మీద లేదనుకోవాలి.

ఇక అసలు సంగతి. ఆఖరి కాలపు మంచు ఎలా ఉంటుందన్నది నిర్ణయించేది చలికాలం కాదు, నిన్నటి రాత్రి.

పగలు ఎండకి పైపొర కరిగి, నీరు గింజల సందుల్లోకి దిగుతుంది. రాత్రి ఆ నీరే గడ్డకట్టి గింజల్ని ఒకదానికొకటి అతికిస్తుంది. రోజుల తరబడి ఇలా జరిగాక సన్నటి గింజలు కరిగిపోయి, కల్లుప్పు పలుకుల్లాంటి లావాటి గుండ్రటి గింజలు మిగులుతాయి. స్కీయర్లు కార్న్ అని పిలుచుకునేది దీన్నే. తెల్లవారుజామున అది రాయి. బూటు మడమతో తన్నినా గుంట పడదు. ఎండ తగిలిన గంటా గంటన్నరకి పైన ఒకటి రెండు సెంటీమీటర్లు మెత్తబడి, కింద ఇంకా గట్టిగానే ఉంటుంది. స్కీ అంచు సుతారంగా దిగుతుంది, మలుపు తిరిగితే గింజలు గలగలా రాలతాయి. ఆ ఘడియ కోసమే వాళ్లు అర్ధరాత్రి లేచి వస్తారు. మరో గంట గడిస్తే బూటు చీలమండ దాకా దిగుతుంది. అక్కడికి ఆట ముగిసినట్టే. ఇంకా పొద్దెక్కితే పైపొర నీళ్లతో బరువెక్కి, కాలు పెట్టిన చోటి నుంచి జారడం మొదలుపెడుతుంది.

రాత్రి గడ్డకట్టిందో లేదో తెలుసుకోవడానికి చాలామంది కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటి చూసి వదిలేస్తారు. అది చాలదు. మంచు పైపొర తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటే, గాలి ఉష్ణోగ్రత సున్నాకి రెండు మూడు డిగ్రీలు పైన ఉన్నా మంచు బిగుస్తుంది. మబ్బు కమ్మితే ఆ వేడిని తిరిగి కిందికి పంపిస్తుంది. డేరాలో మనిషికి చలి వేసినా బయట మంచు మెత్తగానే తెల్లారుతుంది. చెట్ల కొమ్మలదీ అదే పని. బయట మైదానంలో రాయిలా ఉన్న మంచు, దానికి చేరే అడవి దారిలో మోకాళ్ల లోతు ఉండటానికి కారణం ఇదే. అందుకే వాతావరణ సూచనలో రాత్రి మబ్బు శాతాన్నీ, గాలిలో తేమనీ చూడకుండా ఉష్ణోగ్రతే చూసేవాళ్ల అంచనా తరచూ తప్పుతుంది. ఒక్క రాత్రి గడ్డకట్టిన పెచ్చు రెండు మూడు సెంటీమీటర్లే ఉండొచ్చు, వరసగా నాలుగు నిర్మలమైన రాత్రులు కాస్తే జానెడు మందం దాటొచ్చు. నడక కర్ర తిరగేసి పిడితో గట్టిగా పొడిస్తే రెంటికీ తేడా చేతికి తెలుస్తుంది. పెచ్చు పగిలి కర్ర సర్రున కిందికి పోయిందంటే ఆ రోజు ఏటవాలు జోలికి పోకపోవడం మంచిది.

వాలు ముఖాన్ని బట్టి గడియారం మారుతుంది. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆ తర్వాత పడమర. బాగా ఎత్తున ఉత్తరపు వాలు ఏప్రిల్‌లో ఇంకా చలికాలపు మంచుతోనే ఉండొచ్చు. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. పుస్తకం చదివినవాళ్లూ మరిచిపోయే విషయం ఒకటుంది. జూన్‌లో సూర్యుడు ఈశాన్యంలో ఉదయిస్తాడు. నీడలో ఉంటుందనుకున్న ఈశాన్యపు వాలుకి అందరికన్నా ముందే ఎండ తగులుతుంది. చలికాలంలో నేర్చుకున్న దిక్కుల లెక్క జూన్‌లో ఒక గంట ముందుకి జరగాలి.

ఇక్కడ నడిచేవాడికీ స్కీయర్‌కీ దారులు వేరవుతాయి. స్కీయర్‌కి కావలసింది కాస్త మెత్తబడిన మంచు, బూట్ల కింద ఇనప పళ్ల క్రాంపాన్స్ కట్టుకుని ఎక్కేవాడికి కావలసింది గట్టిది, మామూలు బూట్లతో వచ్చినవాడికి మాత్రం అడుగు గుంట పడేటంత మెత్తన కావాలి. కాబట్టి మంచు బాగుందని ఎవరైనా చెప్పినప్పుడు, చెప్పినవాడి కాళ్లకి ఏముందో అడగాలి. ఉత్తర కాలిఫోర్నియాలో 14 వేల అడుగులు దాటిన మౌంట్ శాస్తా ఎక్కడానికి వసంతం ఆఖరే అనువైన కాలమని పేరు. వదులు రాళ్లన్నిటినీ మంచు పట్టి ఉంచుతుంది కనుక. 2022 జూన్ 6న అవలాంచ్ గల్చ్ అనే అక్కడి ప్రధాన మార్గంలో పై వాలంతా నున్నటి మంచుగడ్డ పట్టి ఉంది. తాడు కట్టుకుని ఎక్కుతున్న బృందం ఒకటి జారి చాలా దూరం దొర్లిపోయింది. దారి చూపుతున్న గైడే ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు అదే కొండ మీద ఇంకా కొందరు జారి గాయపడ్డారు. జూన్ కదా, మంచు మెత్తగా ఉంటుందిలే అన్న లెక్క ఆ రోజు ఎవరినీ కాపాడలేదు.

గట్టి మంచు మీద ఏటవాలులో జారితే వేగం అందుకోవడానికి క్షణాలు చాలు. ఐస్ యాక్స్ మొన గుచ్చి ఆగడానికి ఉన్న అవకాశం మొదటి ఒకటి రెండు సెకన్లలోనే. బూట్లకి తొడిగే రబ్బరు గొలుసుల మైక్రోస్పైక్స్ చదును బాట మీద బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ముప్పై డిగ్రీల వాలు మీద పాదం కింద అవే జరిగిపోతాయి. కిందికి వచ్చేటప్పుడు సరదాగా కూర్చుని జారేవాళ్ల సంగతి మరోటి. మౌంట్ విట్నీ ప్రధాన దారిలో 99 మలుపులు మంచులో కప్పబడి ఉన్నప్పుడు, జనం వాటి పక్కనున్న నిటారు చాలులోంచి ఎక్కి, తిరిగి దాంట్లోనే కూర్చుని జారతారు. క్రాంపాన్స్ విప్పకుండా జారితే ఒక పన్ను మంచులో పట్టుకుంటుంది, ఒళ్లు మాత్రం ముందుకి పోతుంది. చీలమండలు విరిగేది అలానే. విప్పితే జారుడుకి హద్దుండదు. ఆ వాలు కింద ఏముందో పైనుంచి కనబడని చోట జారకుండా ఉండటమే మేలు.

కింద ఏముందన్న ప్రశ్నకి వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆస్‌గార్డ్ కనుమ గట్టి ఉదాహరణ. సియాటిల్ జనం తెగ మోజుపడే ఎన్‌చాంట్‌మెంట్స్ సరస్సులకి ఇది అడ్డదారి. కోల్‌చక్ సరస్సు ఒడ్డు నుంచి మైలు కూడా లేని దూరంలో రెండు వేల అడుగుల దాకా ఎక్కాలి. వాలు మధ్యలోంచి ఒక సెలయేరు దిగుతుంది. వేసవి మొదట్లో దాన్ని మంచు కప్పేసి ఉంటుంది, లోపల నీరు మంచుని తొలిచేస్తూ ఉంటుంది. పైనుంచి కూర్చుని జారుతూ వచ్చి ఆ బిలంలో పడి చనిపోయినవాళ్లున్నారు. పైనుంచి చూస్తే అక్కడ తెల్లటి వాలు తప్ప ఇంకేం కనబడదు.

పెద్ద బండల చుట్టూ, రాతి గోడల అంచున కూడా ఇలాగే గుల్ల పడుతుంది. ఎండకి కాగిన రాయి పక్కనున్న మంచుని కరిగిస్తుంది. పైన రెండంగుళాల పెచ్చు మిగిలి, కింద మనిషి దిగబడిపోయేంత సందు ఉంటుంది. అలవాటున్నవాళ్లు మంచులోంచి రాయి తల బయటపెట్టిన చోటికి రెండు గజాల దూరంలో నడుస్తారు, లేదా ఆఖరి అడుగు పెద్దది వేసి నేరుగా రాయి మీదికి వెళతారు. మంచు రంగు బూడిదగా మారిన చోట, చాలులా కాస్త కుంగిన చోట, చెవి ఒగ్గితే నీటి చప్పుడు వినబడే చోట కింద వాగుంది.

వాగులు దాటడమే ఈ కాలంలో అన్నిటికన్నా ప్రమాదమనే వాదన ఒకటుంది. మంచు మీదనే ధ్యాస పెట్టేవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ, 2017 చూస్తే ఆ వాదనే సబబనిపిస్తుంది. ఆ ఏడు సియెర్రాలో సగటుకి ఒకటిన్నర రెట్లు పైగా మంచు కురిసింది. పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడిచేవాళ్లు వేలల్లో ఉంటే, క్రాంపాన్స్, ఐస్ యాక్సుల గురించి అంతా మాట్లాడుకున్నారు. జులైలో ఇద్దరు మహిళలు వేర్వేరు చోట్ల ప్రాణాలు కోల్పోయింది మాత్రం ఏర్లలో. కరిగే నీరు మధ్యాహ్నం నుంచి పెరిగి సాయంత్రానికి ఉధృతమై, తెల్లవారుజాముకి తగ్గుతుంది కాబట్టి పొద్దున్నే దాటాలని అందరూ చెప్పే సూత్రం. మంచుకి దగ్గరలో ఉన్న చిన్న వాగుకి అది సరిపోతుంది. మంచు నుంచి చాలా మైళ్లు దిగువకి వచ్చిన నదికి ఆ పొంగు చేరేసరికి చీకటి పడిపోతుంది, ఒక్కోసారి అర్ధరాత్రి దాటుతుంది. అలాంటి చోట పొద్దున కనిపించే నీరు నిన్నటి పొంగులో తీస్తున్న భాగం. రాత్రి ఒడ్డున ఒక రాయి గుర్తు పెట్టుకుని, తెల్లారి నీటి మట్టం దానికి ఎంత దిగిందో చూసుకుని దాటేవాళ్లు సూత్రంకన్నా దాన్నే నమ్ముతారు.

మంచుచరియల సంగతి. చలికాలం అంతా సియెర్రాలో, వాయవ్య రాష్ట్రాల్లో మంచుచరియల కేంద్రాలు రోజూ ముందస్తు హెచ్చరికలిస్తాయి. సాధారణంగా ఏప్రిల్ నెలాఖరుకల్లా ఆ రోజువారీ బులెటిన్లు ఆగిపోతాయి. నడిచే జనం పెరిగేది సరిగ్గా ఆ తర్వాతే. హెచ్చరిక లేదంటే ప్రమాదం లేదని కొందరు అర్థం చేసుకుంటారు. వాళ్లను తప్పుపట్టడమూ కష్టమే. స్విట్జర్లాండ్‌లో దావోస్ పట్టణంలోని ఎస్‌ఎల్‌ఎఫ్ అనే మంచు పరిశోధన సంస్థ పద్ధతి వేరు. చలికాలంలో సాయంత్రం అయిదింటికీ, మళ్లీ పొద్దున ఎనిమిదింటికీ బులెటిన్ ఇస్తుంది. వసంతంలో పొద్దుటి పరిస్థితినీ, ఎండెక్కాక తడి మంచుతో పెరిగే ప్రమాదాన్నీ విడివిడిగా చూపిస్తుంది. ఆఖరి కాలపు మంచుకి గంట ముఖ్యమని గుర్తించిన పద్ధతి అది. అలాంటి సాయం లేనిచోట నడిచేవాళ్లు మూడు సందర్భాల్ని గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది: మే నెలలో కొత్తగా మంచు కురిసి, ఆపైన మొదటిసారి గట్టిగా ఎండ కాసిన రోజు, రాత్రిళ్లు వరసగా గడ్డకట్టని రోజులు, తలపైన శిఖరం అంచున మంచు చూరు ఇంకా వేలాడుతున్న చోటు. వాలు మీద మంచు ఉండలు వాటంతటవే దొర్లుతూ చక్రాల్లా పెరుగుతుంటే ఆ వాలు దిగే వేళ ఎప్పుడో దాటిపోయింది.

తోటి నడకరులు రాసుకునే అనుభవాలు అన్నిటికన్నా తాజా సమాచారం. అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిందీ అదే. అయిదు రోజుల కిందటి మాటకి మే నెలలో విలువ సగం, గాలివాన వచ్చి వెళితే సున్నా. కనుమ దాటినవాళ్లు రాస్తారు, మధ్యలో తిరిగొచ్చినవాళ్లు చాలామంది రాయరు. అక్కడక్కడ కాస్త మంచుంది, పెద్ద ఇబ్బందేం లేదు అని రాసిన మనిషి ఇరవయ్యేళ్లుగా కొండలెక్కేవాడు కావచ్చు. ఆ అక్కడక్కడ అన్నది సరిగ్గా లోయ అంచున, నలభై అడుగుల ఏటవాలు మీద ఉండొచ్చు. ఇలాంటి రాతల్లో అభిప్రాయాన్ని వదిలేసి మూడు వివరాలు తీసుకోవచ్చు. తేదీ, వేళ, ఫొటో. ఫొటోలో నీడలు ఎటు పడ్డాయో చూస్తే తీసిన గంట కూడా తెలుస్తుంది.

ఈ మధ్య లెక్కల్లోకి కొత్తగా చేరింది దుమ్ము. కొలరాడోలోని సాన్ వాన్ పర్వతాల మీదికి ఎడారుల నుంచి వసంతంలో ఎర్రటి దుమ్ము వచ్చి పడుతుంది. కొత్త మంచు తన మీద పడ్డ ఎండలో ఎనభై శాతం పైన వెనక్కి కొట్టేస్తుంది. దుమ్ము పట్టిన మంచు అంతకన్నా చాలా తక్కువ కొడుతుంది. దాంతో కరుగుదల వారాల తరబడి ముందుకి జరుగుతుంది. స్కీయర్లకి ఇది ఇంకో రకంగా ఇబ్బంది. ఒకే వాలులో తెల్ల పట్టీ మీద జారుతూ వచ్చిన స్కీ ఎర్ర పట్టీ తగలగానే పట్టేసినట్టు ఆగుతుంది.

హిమాలయాలకి వస్తే ఈ పరికరాల్లో చాలావరకు మాయమవుతాయి. ట్రెక్కింగ్‌కి వెళ్లేవాడు ఫోన్ తీసి చూసుకోవడానికి స్నోటెల్ లాంటి వ్యవస్థ అక్కడ లేదు. రక్షణ శాఖ కింద పనిచేసే డీజీఆర్‌ఈ మంచుచరియల హెచ్చరికలిస్తుంది, దాని దృష్టి ప్రధానంగా సైనిక దారులు, రహదారుల మీద. ఉపగ్రహం సంగతి కొంత మెరుగు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హిమాలయాల మంచు విస్తీర్ణాన్ని కొలిచి భువన్ పోర్టల్‌లో పెడుతోంది. ఇందుకు వాడే రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల్లోని ఏవిఫ్స్ కెమెరా 56 మీటర్ల స్పష్టతతో అయిదు రోజులకొకసారి అదే చోటికి తిరిగొస్తుంది. ఆ సమాచారం నేలకి దిగేది షాద్‌నగర్ యాంటెన్నాల దగ్గర. నదుల్లోకి ఎంత నీరొస్తుందో లెక్కగట్టడానికి అది చక్కగా సరిపోతుంది. ఒక కనుమ ఏ పక్క తేలిందో చూడాలంటే మాత్రం సెంటినెల్ ఫొటోలే నయం.

పరికరాలు లేనిచోట మనుషులున్నారు. హిమాచల్‌లో గద్ది గొర్రెల కాపరులు ఏటా మే, జూన్ నెలల్లో ధౌలాధార్ కనుమలు దాటి చంబా, లాహౌల్ వైపు మందల్ని తోలుకెళతారు. మంద దాటిన కనుమలో గొర్రెకి కాలు నిలిచిందని అర్థం, కాబట్టి కింద ఊళ్లో టీకొట్టు దగ్గర మందలు దాటాయా అని అడిగితే వచ్చే జవాబు విలువైనది. ఇంతకుముందు రోహ్‌తాంగ్ రోడ్డు ఎప్పుడు తెరిచారన్నది కూడా మంచి గుర్తు. 2020 అక్టోబరులో ఆ కనుమ కింద అటల్ సొరంగం తెరిచాక జనం కిందనుంచే వెళ్లిపోతున్నారు. పై కనుమ వార్త మునుపటిలా ఊరూరా పాకడం లేదు.

2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో ఎక్కువమంది కర్ణాటకవాళ్లే ఉన్న 22 మంది బృందం మంచుగాలిలో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. మైదానంలో నలభై డిగ్రీల ఎండలు కాస్తున్న రోజులవి. అక్కడ జనాన్ని చంపింది జారుడు కాదు, మంచుచరియా కాదు. నాలుగు వేల మీటర్ల పైన గాలి, తడి, చలి. ఆఖరి కాలపు మంచు గురించి ఎంత బాగా అంచనా కట్టినా, వచ్చే 24 గంటల్లో పైనుంచి పడేది ఆ అంచనాలో ఉండదు. దానికి వాతావరణ సూచన వేరే చూసుకోవాలి, తిరిగొచ్చే వేళను కూడా వేరే పెట్టుకోవాలి.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే ఎందరికో తొలి మంచు అనుభవం కసోల్ నుంచి యూత్ హాస్టల్స్ అసోసియేషన్ మే నెలలో నడిపే సార్ పాస్ ట్రెక్. కనుమ 13,800 అడుగులు. దాటాక కూర్చుని జారే పొడవాటి మంచు వాలే దాని ఆకర్షణ. కనుమ దాటే రోజు చీకటితోనే లేపుతారు, సణుగుడు మామూలే. కానీ సమస్య లేపడం దగ్గర రాదు. ముప్పై నలభై మంది ఒకే వరుసలో నడుస్తుంటే మొదటివాడికీ చివరివాడికీ గంట పైన తేడా పడుతుంది. ముందున్నవాళ్లు గట్టి పెచ్చు మీద దాటిన అడ్డవాలుని వెనకవాళ్లు తొక్కి తొక్కి చితికిన బురదమంచు మీద దాటాలి. నిన్నటి బ్యాచ్ అడుగుల గుంటలు రాత్రి గడ్డకట్టి ఉంటే అందరికన్నా ముందు వెళ్లేవాడికే ఇబ్బంది. బుక్ చేసుకునే ముందు నిర్వాహకుల్ని అడగాల్సినవి ఇవే: కనుమ దగ్గరి వాలు ఏ ముఖంగా ఉంది, బృందంలో చివరి మనిషి దాన్ని ఎన్నింటికి దాటతాడు, ఆ చోట తాడు కడతారా, రాత్రి మబ్బు పట్టి మంచు బిగవకపోతే ఒక రోజు ఆగే వీలు షెడ్యూల్లో ఉందా. మొదటి మూడింటికీ చాలామంది వెంటనే జవాబు చెబుతారు. నాలుగోదానికి, వెనకాల రోజుకొక బ్యాచ్ వస్తూ ఉంటుంది కనుక, క్యాంపులో జాగా లేదనే జవాబే ఎక్కువగా వస్తుంది.